కళ్ళంలో రబ్బరు కంప

నంద్యాలలో మా టైర్ల షాపుకు వచ్చే డ్రైవర్లు ముందు నా ముఖం చూస్తారు. ముఖం బాగుంటే టైరు దించుతారు. బాగోకపోతే టీ తాగొస్తామని చెప్పి జారుకుంటారు. అరిగిపోయిన లారీ టైర్లకు కొత్త రబ్బరు తొడిగి, ఆవిరి గదిలో ఉడికించి పంపడం మా పని. మా ఆయన పెట్టిన షాపు అది. ఆయన పోయాక చుట్టాలందరూ అమ్మేయమన్నారు. అమ్మేయమన్న ప్రతి ఒక్కరి దగ్గరా కొనే మనిషి ముందే సిద్ధంగా ఉన్నాడు. అది చూసి ఒళ్ళు మండి, నేనే కుర్చీలో కూర్చున్నాను.

నా కోపంలో సగం ఆ రబ్బరు మీదే. అది మన నేలలో పుట్టదు. కేరళలో వానలు ఎక్కువైతే అక్కడ చెట్లకు గీత పెట్టరు. గీత పెట్టకపోతే పాలు రావు. పాలు రాకపోతే నంద్యాలలో నా ఆవిరి గది చల్లబడుతుంది. అది కాకపోతే ఓడల్లో వచ్చే సరుకు, దాని తిప్పలు దానివి. సరుకు పంపే వ్యాపారి ఫోనెత్తడు, ఎత్తితే వాన గురించి చెబుతాడు. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకునే ఊర్లో కూర్చుని, ఎక్కడో పడుతున్న వాన గురించి వినాలంటే ఎంత మంటగా ఉంటుందో అతనికేం తెలుసు?

అలాంటి రోజుల్లోనే ఒక పరిశోధన సంస్థ జీపు టైరు చూపించుకోవడానికి మా షాపు ముందు ఆగింది. అందులోంచి దిగిన ఆఫీసరు సన్నగా, ఎండకు కొత్తగా ఉన్నాడు. కేరళ చెట్టు కాకుండా వేరే మొక్కల నుంచి రబ్బరు తీసే పనిలో ఉన్నామని, కర్నూలు దగ్గర చిన్న యూనిట్ పెట్టామని చెప్పాడు. మెక్సికో ఎడారుల్లో పెరిగే గ్వాయులే అనే పొద అట. రాళ్ళ నేలైనా చాలట, నీళ్ళు పెద్దగా అక్కర్లేదట, రెండేళ్ళకు కోస్తే మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుందట. అట, అట అని వినీ వినీ విసుగొచ్చి, కబుర్లు కాదు, రబ్బరు చూపించమన్నాను.

తర్వాతి సారి వచ్చినప్పుడు ఆ పొద కొమ్మ ఒకటి తెచ్చి, బెరడు నమలమన్నాడు. మా మెకానిక్కులు నవ్వుతూ చూస్తుండగా నమిలాను. చేదు, జిగురు, కర్పూరం లాంటి ఘాటు. పీచంతా ఉమ్మేశాక నాలుక మీద చిన్న ఉండ మిగిలింది. దాన్ని వేళ్ళ మధ్య పట్టి లాగితే సాగింది, వదిలితే వెనక్కి ముడుచుకుంది. మంచి రబ్బరేదో, మోసపు రబ్బరేదో నా వేళ్ళకు తెలుసు. అది రబ్బరే.

ఆ మొక్క నాటడానికి నా దగ్గర సరైన నేల ఉంది. అదే నా ప్రాణం తీసే నేల కూడా.

ఆళ్ళగడ్డ దాటి అహోబిలం వైపు వెళ్ళే దారికి పక్కన మా ఊరు. కె.సి. కాలువ నీళ్ళు పారే నల్లరేగడంతా నాయన మా అన్నకు ఇచ్చాడు. కాలువ ఎక్కని మెరక, రాళ్ళ చెక్క, నాకు ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఊరి పెద్దల ముందు ఒక మాట అన్నాడు: ఇది ఆడబిడ్డది, దీని జోలికి ఎవరూ పోకూడదు. అన్నకు కడుపు మండింది ఆ రాళ్ళ కోసం కాదు, ఆ మాట కోసం. తనను నమ్మలేదని, నలుగురిలో తలకొట్టేసినట్టు చేశాడని అతని బాధ. నాయన మీద చూపించలేని ఆ కోపమంతా నా మీద పెట్టుకున్నాడు. నేనేమైనా తక్కువ తిన్నానా? నేనూ మాట్లాడటం మానేశాను. ఇక అప్పటినుంచి మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

నెలకోసారి ఆదివారం ఊరి చర్చికి వెళ్తాను. మగవాళ్ళ వైపు చాపల మీద అతను, ఆడవాళ్ళ వైపు నేను, మధ్యలో సన్నటి దారి. పాటలో ప్రేమ గురించి వచ్చే చోట అతని గొంతు మరీ పెద్దదవుతుంది. నా గొంతూ ఏం తగ్గదు. మమ్మల్ని చూసి పాస్టరయ్య తల దించుకుని పుస్తకం తిప్పుకుంటాడు.

నా మెరక బీడుగా పడి ఉందని, దాంట్లోని కలుపు విత్తనాలు తన చేలోకి కొట్టుకొస్తున్నాయని అన్న సంఘ పెద్దల దగ్గర పంచాయతీ పెట్టాడు. మోటారు పెట్టి నీళ్ళు పైకెక్కించి మిరప వేస్తానని, తనకు వదిలేయమని అడిగాడు. నేను రబ్బరు వేస్తానన్నాను. ఆరాధన అయిపోయి చర్చి వసారాలో కూర్చున్న పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మా అన్న తలెత్తకుండానే నవ్వాడు. ఆ నవ్వు వినబడ్డాక నేను ఏ షరతుకైనా ఒప్పుకునేదాన్నే.

షరతు అలాగే పెట్టారు. మొదటి కోత దాకా నేల నాది. కోసిన సరుకు యూనిట్ వాళ్ళు తీసుకుంటే, అన్న ఇక ఆ నేల పేరెత్తకూడదు. తీసుకోకపోతే అతనే దున్నుకుంటాడు, నేను గట్టు తొక్కకూడదు. కాగితం ఏమీ లేదు. పాస్టరయ్య ప్రార్థన చేసి ముగించాడు. మా దగ్గర ప్రార్థనతో ముగిసిన మాటను తిరగదోడటమంటే సంఘంలో ముఖం ఎత్తుకోలేకపోవడమే. షాపు మా ఆయనది, ఇల్లు మా అత్తవారిది. నాది అని చెప్పుకోవడానికి నాకున్నది ఆ రాళ్ళ చెక్క ఒక్కటే, దాన్నే తీసుకెళ్ళి పందెంలో పెట్టాను.

వానలు మొదలయ్యాక యూనిట్ వాళ్ళు ట్రేలలో పెంచి ఇచ్చిన నారు నాటించాము. మొదట్లో ట్యాంకరుతో నీళ్ళు పోయించాను, కలుపు తీయించాను, కాపలాకు ఊర్లోనే ఒకామెను పెట్టుకున్నాను. మొక్కలు మోకాలి ఎత్తు లేచాయి. ఆకు బూడిద రంగు, పువ్వు ఉందో లేదో అన్నంత చిన్నది. మేకలు మూతి పెట్టి, వాసన చూసి, తిప్పుకుని పోయాయి. పేరుకు నోరు తిరగక ఊరంతా దాన్ని రబ్బరు కంప అంది. మా అన్న టీ కొట్టు దగ్గర కూర్చుని, నంద్యాలామె కంప సేద్యం చేస్తోంది, ఎవరికైనా దడి కట్టుకోవాలంటే చెప్పండి అన్నాడట. ఆ మాట నా చెవిన పడింది. అదే టీ కొట్టులో నేనూ ఒక మాట వదిలి వచ్చాను. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

కోతకు ముందు ఆఫీసరు ఒక సంగతి చెప్పాడు, చెప్పిందే చెప్పాడు. కేరళ చెట్టులో పాలు గొట్టాల్లో ఉన్నట్టు ఉంటాయి, గీస్తే కారతాయి. ఈ పొదలో అలా కాదు. బెరడులో కంటికి కనబడని గదుల్లో దాగి ఉంటాయి. కొమ్మను పచ్చిగా ఉండగానే నీళ్ళతో రుబ్బి బయటికి తీయాలి. కొమ్మ ఎండితే ఆ పాలు లోపలే విరిగిపోతాయి, ఇక తమ మిషన్‌కు రావు. కాబట్టి కోసింది కోసినట్టు నీడలో పోసి, తడి గోతాలు కప్పి, వెంటనే లారీ ఎక్కించాలి.

కోసే కూలీలకు చెప్పాను. కాపలా ఆమెకు చెప్పాను. లారీ డ్రైవరుకు చెప్పాను. అన్నకు చెప్పలేదు. ఎందుకు చెబుతాను? మాట్లాడని మనిషికి మొక్కల సంగతులు చెప్పే ఆచారం మా ఇంట్లో లేదు.

రెండో ఏడు ఎండాకాలం మొదట్లో కోత పెట్టాము. సాయంత్రానికి వేపచెట్టు కింద కుప్ప పోసి, గోతాలు తడిపి కప్పించాను. పొద్దున్నే లారీ రావాలి. ఇంతలో షాపు నుంచి ఫోను, ఆవిరి గది వాల్వు దగ్గర ఆవిరి చిమ్ముతోంది, మెకానిక్కులు బయటికి పరుగెత్తారు అని. గోతాలు ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఉండమని కాపలా ఆమెకు చెప్పి నంద్యాలకు వెళ్ళాను. ఆ లారీ మర్నాడు పొద్దున రాలేదు. దారిలో టైరు పేలిందట. టైర్ల షాపు నడిపేదాని సరుకు కోసం వచ్చే లారీకి టైరు పేలడం! ఎవరి మీద అరవాలో కూడా తెలియక వాల్వు మీదే అరిచాను.

మధ్యాహ్నం దాటాక లారీ, దాని వెనక ఆఫీసరు జీపులో నేను, పొలం చేరాము. వేపచెట్టు కింద కుప్ప లేదు. గోతాలు ఒక మూల ముద్దగా పడి ఉన్నాయి. కాపలా ఆమె నన్ను చూసి ఏడుపు మొదలుపెట్టి, చెయ్యెత్తి మా అన్న కళ్ళం వైపు చూపించింది.

మా అన్న కళ్ళం ఊర్లో పేరున్న కళ్ళం. నేలంతా నాపరాళ్ళు పరిచి, సందులు సిమెంటుతో పూడ్చి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం దాని మీద వడియాలు పెడితే సాయంత్రానికి డబ్బాలో పోసుకోవచ్చు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నా రబ్బరు కంప పలచగా పరిచి ఉంది. వదిన ఒక వైపు నుంచి, అన్న ఒక వైపు నుంచి పంగల కర్రలతో తిరగేస్తున్నారు. అన్న చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. నాతో ఎన్నో ఏళ్ళకు మాట్లాడాడు.

"తడి గోతాలు కప్పి పోతావా? లోపల ఉడికిపోయి బూజు పట్టదా? సూడు, ఇప్పుడు ఎట్ల గలగలమంటాండాయో. తేమ అనమను, ఎవుడంటాడో సూస్తా."

ఒక కొమ్మ తీసి నా ముందు విరిచాడు. టప్పున విరిగింది. నేనూ ఒకటి తీసుకుని బెరడు నమిలాను. పొడిపొడిగా రాలిన పీచు తప్ప నాలుక మీద ఏమీ మిగల్లేదు. ఆఫీసరు కొమ్మ విరిచి చూసి, నన్ను లారీ దగ్గరికి పిలిచి, తల అడ్డంగా ఊపాడు. లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది.

నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వచ్చింది. కావాలనే చేశాడని నాకు ఒక్క క్షణం కూడా అనుమానం లేదు. సరుకు చెడితే నేల ఎవరికి వస్తుంది? దాని కోసం చెమట కూడా పట్టించుకుని, మంచివాడి వేషం కూడా వేశాడనుకున్నాను. వదిన మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఎదురొచ్చింది. తీసుకోలేదు.

"నీకు కావాల్సింది అయిందిలే. పో, దున్నుకో" అన్నాను.

ఎందుకన్నానో నేను చెప్పలేదు, అతను అడగలేదు. జీపెక్కి నంద్యాలకు వచ్చేశాను. ఆ వారమంతా షాపుకు వచ్చినవాళ్ళు టైరు దించకుండానే టీ తాగడానికి వెళ్ళారు.

వారం చివర ఆఫీసరు ఫోను చేశాడు. గొంతులో భయం ఉంది. మా అన్న ట్రాక్టరు ట్రైలరు నిండా ఆ ఎండిన కంప వేసుకుని కర్నూలు దాకా వెళ్ళి, యూనిట్ గేటు ముందు పెట్టాడట. కొమ్మ పట్టుకుని ప్రతి ఒక్కరి ముక్కు కింద పెట్టి విరిచాడట. మా చెల్లెలి సరుకులో తేమ ఉందని ఎవరన్నారు, ముందుకు రమ్మని అడిగాడట. వాచ్‌మన్ చొక్కా కూడా పట్టుకున్నాడట. చివరికి ఆఫీసరే కూర్చోబెట్టి, తేమ ఉన్నందుకు కాదు, తేమ పోయినందుకే అది పనికి రాకుండా పోయిందని వివరించాడట. విన్నాక మా అన్న ట్రాక్టరు తిప్పుకుని వెళ్ళిపోయాడట. మీ అన్నయ్యను మళ్ళీ పంపకండి మేడమ్ అని ఆఫీసరు బతిమాలాడు. నేనెక్కడ పంపాను అని అతని మీద అరిచి, ఫోను పెట్టేశాను.

పెట్టేశాక మాత్రం తేమ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మా అన్న మార్కెట్ యార్డులో ఎలా నిలబడేవాడో నేను చిన్నప్పుడు చూశాను. వ్యాపారి గోతంలోకి చెయ్యి దూర్చి, గింజ కొరికి, తేమ అని ఒక్క మాట అంటే చాలు, అంతవరకూ గట్టిగా మాట్లాడినవాడు తల వంచేవాడు. ఒకసారి పసుపు బండి బండంతా తేమ అని తిప్పి పంపితే, ఇంటికొచ్చిన వాణ్ణి నాయన వాకిట్లోనే అందరూ వినేట్టు తిట్టాడు. ఆ తర్వాతే అన్న ఆ కళ్ళానికి నాపరాళ్ళు పరిచాడు. గింజ అయినా, మిరపకాయ అయినా, అతని కళ్ళం నుంచి గలగలమనకుండా బయటికి పోదు. అలాంటివాడికి తడి గోతాల కింద మగ్గుతున్న పంట కనబడింది. అలాగే వదిలేసి ఉంటే నేల అతనిదయ్యేది. అది తెలిసి కూడా వదిలేయలేకపోయాడు. నాకు కోపం తగ్గలేదు. పగవాడిగా కూడా సరిగ్గా ఉండలేకపోయాడని ఇంకా ఎక్కువైంది.

ఆ ఆదివారం పెద్దలు మళ్ళీ వసారాలో కూర్చున్నారు. సరుకు యూనిట్ వాళ్ళు తీసుకోలేదు, మాట ప్రకారం నేల పోయింది. అతను నోరు తెరిచి అడగకముందే నేనే ఇచ్చేస్తున్నానని చెప్పాలని వెళ్ళాను. అడిగించుకుని ఇవ్వడం నా వల్ల కాదు. నేను లేచేలోపే అతను లేచాడు.

"అది కోత కాదు పాస్టరయ్యా. ఎండబెట్టి చెడగొట్టింది నేను. మల్లా కోతకు రానీ, అప్పుడు సూస్తాం."

పెద్దలు నా వైపు చూశారు. అతను మాత్రం నా వైపు చూడకుండా, గోడతో చెబుతున్నట్టు అన్నాడు.

"నాకు చెప్పాల్సుండె."

"నువ్వు అడగాల్సుండె" అన్నాను.

"అడిగితే చెప్తావా నువ్వు?"

చెప్పేదాన్ని కాదని ఆ వసారాలో ఉన్న అందరికీ తెలుసు. పాస్టరయ్య గబగబా ప్రార్థన మొదలుపెట్టాడు. ఇద్దరం ఆమెన్ అన్నాము, ఒకరితో ఒకరు మాట్లాడకుండా ఇళ్ళకు పోయాము.

ఎండిన ఆ కంప మా అన్న వాళ్ళ నీళ్ళ పొయ్యి కింద చాలా కాలం మండింది. భగ్గుమని మండుతుందని, గుండిగ అడుగంతా నల్లగా మసి పట్టిందని వదిన కాపలా ఆమెతో అందట. నాకు చెప్పమనే అని ఉంటుంది. గుండిగ తోముకోమని కబురు పంపాను. పొలంలో మోడులు తొలకరికి చిగురించాయి. అతను మోటారు పెట్టలేదు, మిరప మాట ఎత్తలేదు. టీ కొట్టులో ఎవరో కంప గురించి హాస్యమాడబోతే లేచి వెళ్ళిపోయాడని విన్నాను. నేను నమ్మలేదు.

ఇంకో రెండేళ్ళకు మళ్ళీ కోత వచ్చింది. ఈసారి షాపుకు తాళం వేసి, ఎవరి ఫోనూ ఎత్తకుండా పొలంలోనే ఉన్నాను. కోత మొదలుపెట్టిన పొద్దున నా గట్టు రాయి పక్కన ట్రాక్టరుతో ఎవరో గోతాలు దించి పోయారు. కాలువలో ముంచి తెచ్చినవి, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. మార్కెట్లో కలిసిపోకుండా ఒక్కో గోతం మీద ఎర్ర రంగుతో వేసిన గీత ఉంది. ఆ గీత ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక్కి పంపేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఎండ ఎక్కుతోంది, నా గోతాలు చాలేట్టు లేవు. కప్పించాను.

లారీ వేళకు వచ్చింది. యూనిట్ వాళ్ళు సరుకు తీసుకున్నారు. ఇక కోసినప్పుడల్లా తీసుకుంటామని, పక్క చేలవాళ్ళకు కూడా చెప్పమని ఆఫీసరు అన్నాడు. దాన్నుంచి తీసిన రబ్బరు అరచేయంత ముక్క పంపించాడు. ఇప్పుడు అది షాపులో నా బల్ల మీద ఉంది. వచ్చినవాళ్ళను ముట్టుకోనివ్వను.

లారీ పోయిన సాయంత్రం గోతాలు గట్టు రాయి దగ్గర పెట్టించి, తీసుకుపొమ్మని కబురు పంపాను. ఎవరినో పంపుతాడనుకున్నాను. తానే వచ్చాడు. నేనక్కడే ఉన్నానని చూసి కూడా ఆగలేదు, వంగి గోతాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడం మొదలుపెట్టాడు. అతని నేల అతనికి, నా నేల నాకు, మధ్యలో ఆ రాయి. నేల పేరు అతను ఇక ఎత్తకూడదు, ఎత్తలేదు కూడా.

"ఇంకా తడిగానే ఉండాయి" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "ఆరినాక పంపిస్తా, పెట్టిపో."

అతను వినకుండా మోపంతా భుజానికెత్తుకున్నాడు. నీళ్ళు చొక్కా మీదుగా పంచె దాకా కారాయి. గట్టు దిగుతూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఎండబెట్టే పని నాకు ఇడిసిపెట్టు. అదొకటి నాకు బాగా వచ్చు."